జంగప్ప బొటనవేలు ఎక్కడుండాలె

"మీ బొటనవేలు ఎక్కడ ఉండాలో మీరే చెప్పాలి" అన్నాడు డాక్టరు.

జంగప్ప వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది, గోడకు ఆనుకుని పెళ్లాం హన్మమ్మ ఉంది. ఇంకెవరూ లేరు. అంటే ఆ 'మీరు' తననే. నలభై ఎనిమిదేళ్ల బతుకులో జంగప్పను మీరు అన్న మనిషి లేడు. దొర 'అరే' అన్నాడు, పటేలు 'ఏందిరా' అన్నాడు, రజాకార్లయితే పిలవను కూడా పిలవలేదు, తుపాకి వెనక భాగంతో వీపులో ఒకటి పొడిచి మందలోంచి రెండు పొట్టేళ్లను తోలుకుపోయారు. పోలీసు యాక్షన్ అయింది, నిజాం దిగిపోయాడు, కాంగ్రెసు వచ్చింది, ఆంధ్ర కలిసి మూడేళ్లు దాటింది. ఇన్ని మారినా జంగప్ప అరే దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు గుంటూరు దిక్కు నుంచి వచ్చిన డాక్టరు మీరు అంటున్నాడు. అది చాలదన్నట్టు నీ వేలు నువ్వే ఎక్కడో పెట్టుకో అంటున్నాడు.

"మీ దయ సారు. మీరు ఏడ పెడితె ఆడ" అన్నాడు జంగప్ప, దండం పెట్టి.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న కంపౌండరు ఏసుదాసు వైపు చూశాడు. ఏసుదాసు వికారాబాద్ మనిషే, ఈ మట్టి మాట తెలిసినవాడు. ఎక్స్‌రే ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టి విడమరిచి చెప్పాడు. బొటనవేలు మొదట్లో, మణికట్టు దగ్గర, రెండు ఎముకలు కలిసే చోట మెత్తటి గుజ్జు ఉంటుంది. ముప్పై ఏళ్లు గొర్రెల బొచ్చు కోసే కత్తెర పట్టి పట్టి జంగప్పకు ఆ గుజ్జు అరిగిపోయింది. కందెన లేని బండి ఇరుసు లాగ ఎముక మీద ఎముక రుద్దుకుంటున్నది, అందుకే ఆ నొప్పి. మందుకు తగ్గదు, మాలిష్‌కు తగ్గదు. డాక్టరు ఆ రెండు ఎముకల కొసలు గీకి, ఒకదానికొకటి ఆనించి, ఇనుప చువ్వ గుచ్చి, మూడు నెలలు సిమెంటు కట్టు వేస్తాడు. రెండూ అతుక్కుని ఒక్క ఎముక అవుతాయి. నొప్పి పోతుంది. కానీ ఆ కీలు ఇక చచ్చేదాకా కదలదు. పైన ఉన్న రెండు గణుపులు వంగుతాయి, మొదలు మాత్రం ఎక్కడ అతికితే అక్కడే. అందుకే ఈ ప్రశ్న.

"శుక్రవారం శుక్రవారమే వస్తడు సారు. వచ్చే శుక్రవారం నీ కత్తెర పట్టుకోని రా. చెయ్యి ఎట్ల పెట్టి కోస్తవో చూపియ్యి. అట్లనే అతుకుతడు" అన్నాడు ఏసుదాసు.

డాక్టరు జంగప్ప చేతిని అటూ ఇటూ తిప్పి, బొటనవేలి మొదట్లో ఉన్న రెండు నల్లటి మచ్చలు చూసి ఇవేంటని అడిగాడు. జంగప్ప సిగ్గుపడ్డాడు. గొర్రె కుంటితే కీలు మీద వాత పెడతారు, మూడింట రెండు గొర్రెలకు తగ్గుతుంది. అందుకని తన వేలికీ పెట్టుకున్నాడు. మొదటి వాత పని చేయలేదని రెండోది. ఇది విని డాక్టరు నవ్వలేదు. నవ్వి ఉంటే జంగప్పకు కొంచెం నిమ్మళంగా ఉండేది.

పెద్దేముల్ దగ్గర జంగప్ప ఉండే కురుమల వాడలో పదకొండు ఇళ్లు. మృగశిర కార్తె రాకముందే గొర్రెల బొచ్చు కోయడం అయిపోవాలి. ఇంటికొక చెయ్యి, పదకొండు చేతులు, రోజుకొక మంద. ఈ రోజు నీ మంద మీద అందరం కూచుంటాం, రేపు నా మంద మీద అందరూ కూచోవాలి. దీన్ని బదులు అంటారు. కూలి లేదు, పెత్తనం లేదు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ చెయ్యి ఇవ్వలేని ఇంటికి వంతు ఉండదు. అందరి మందలూ అయిపోయాక, ఎవడికి ఓపిక ఉంటే వాడు వచ్చి కోస్తాడు. అప్పటికి వానలు పడతాయి. తడిసిన బొచ్చు ముద్ద కట్టి గొంగడికి పనికిరాదు, బొచ్చు బరువుతో తడిసిన గొర్రె దగ్గి చస్తుంది. దొర లేని చోట కూడా లేనివాడికి ఆఖరి వంతే అన్నమాట.

జంగప్పకు కొడుకుల్లేరు. ఒక్క బిడ్డ, కుల్కచర్లలో ఇచ్చారు. ఆడవాళ్లు ఉన్ని వడకాలి గానీ కత్తెర ముట్టకూడదు, అది వాళ్ల కట్టు. ఎందుకు ముట్టకూడదో హన్మమ్మ రెండు మూడుసార్లు అడిగింది, జవాబు చెప్పిన మగాడు లేడు. కాబట్టి ఆ ఇంటికి చెయ్యి అంటే జంగప్ప కుడిచెయ్యే. పోయిన ఏడు కోతలో ఆ చెయ్యి కత్తెరను పట్టలేక జారవిడిస్తే, ఒక చూడి గొర్రెకు పొట్ట మీద బెత్తెడు తెగింది. కులపెద్ద చెన్నయ్య లేచి వచ్చి జంగప్ప చేతిలోంచి కత్తెర తీసుకుని పక్కన పెట్టాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడు. అనని మాటకు ఏం చెప్తాడు?

ఆ రోజు ప్యాసింజరు బండిలో తాండూరుకు తిరిగి వస్తుంటే జంగప్ప నోరు ఊరుకోలేదు. ఎదురుగా కూచున్న వాళ్లకు సంగతి చెప్పాడు. ధారూర్ రాకముందే ముగ్గురు మనుషులు అయిదు సలహాలు ఇచ్చారు. ఒకడు వేలు నిటారుగా పెట్టించుకోమన్నాడు. ఒకడు పిడికిట్లోకి మడిచి పెట్టించుకో, ఎవడైనా మీదికి వస్తే గుద్దడానికి ఉంటుంది అన్నాడు. సేడం పోయే కన్నడపు ముసలామె అసలు కోయించుకోవద్దంది, ఆమె మరిదికి మోకాలు కోస్తే ఏమైందో తాండూరు వచ్చేదాకా చెప్పింది. ఏమైందో మాత్రం చివరికీ తేలలేదు.

వాడలో ఇంకా అన్యాయం. తమ్ముడు ఎంకయ్య గొర్రెలకు మందు తాపే పని ముఖ్యమన్నాడు. గొర్రె దవడ పక్కన పళ్లు లేని సందు ఉంటుంది, అందులో బొటనవేలు దూర్చి నోరు తెరిపించాలి. దానికి వేలు చేతికి దగ్గరగా, సన్నగా ఉండాలి. కత్తెరకు దూరంగా ఉండాలి. పాలు పిండడానికి ఇంకోలా ఉండాలి. కర్ర పట్టడానికి మరోలా. ఒక్క వేలికి ఇన్ని బతుకులు ఉన్నాయని జంగప్పకు ఇన్నేళ్లూ తెలియదు. చెయ్యి పని చేసినన్నాళ్లూ చెయ్యి గురించి ఎవడు ఆలోచిస్తాడు?

హన్మమ్మే ఉపాయం చెప్పింది. వెదురు పుల్ల చీల్చి, వేలి మొదలుకు ఆనించి, ఉన్ని దారంతో బిగించి కట్టింది. రోజుకొక తీరుగా కట్టుకుని తిరిగి చూడమంది.

మొదటి రోజు కత్తెర తీరు. వేలు బయటికి చాచినట్టు ఉంది. కత్తెర బాగానే ఆడింది గానీ మొలతాడు ముడి విప్పలేక హన్మమ్మను పిలవాల్సి వచ్చింది. ఆమె విప్పి, "పెండ్లినాడు గూడ ఇంత సిగ్గు పడలే నువ్వు" అంది. రెండో రోజు మందు తాపే తీరు. గొర్రె నోరు తెరిచింది, కర్ర జారింది. మూడో రోజు పాలు పిండే తీరు కట్టుకుంటే అన్నం ముద్ద కుదరలేదు, జొన్న గటక అంతా మీసాలకు అంటింది. నాలుగో రోజు మళ్లీ కత్తెర తీరు కట్టుకుని పోతుంటే పటేలు ఎదురయ్యాడు. జంగప్ప అలవాటు ప్రకారం దండం పెట్టాడు. కుడి బొటనవేలు అడ్డం వచ్చి రెండు చేతులు సరిగ్గా కలవలేదు.

"దండం పెడుతున్నవా, ఈగలు తోలుతున్నవారా?" అన్నాడు పటేలు.

జంగప్ప వేలిని లోపలికి నొక్కబోయాడు, పుల్ల ఒప్పుకోలేదు. పటేలు నవ్వి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చేదాకా జంగప్పకు ఒంట్లో ఏదో తిరుగుతూనే ఉంది. అది భయమా, సంతోషమా? సంతోషం ఎందుకు ఉంటుంది? హన్మమ్మను అడిగితే ఆమెకూ తెలియలేదు. ఆ పుల్ల తీసేయనా అంది. వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో చెప్పలేకపోయాడు. పొద్దు గూకేదాకా అట్లాగే ఉంచుకుని, అడిగినవాళ్లకు కడుపునొప్పి అని చెప్పి వాకిట్లో కూచున్నాడు.

శుక్రవారం వచ్చింది. కత్తెరను పాత గొంగడి ముక్కలో చుట్టుకుని, హన్మమ్మను వెంటబెట్టుకుని మళ్లీ వికారాబాద్ దవాఖానకు వెళ్లాడు. డాక్టరు కుర్చీ చూపించి కూచోమన్నాడు. జంగప్ప కింద కూచోబోయాడు. కుర్చీలోనే కూచోవాలన్నాడు డాక్టరు. ఇదొక పరేషాన్. కుర్చీ అంచు మీద, జారిపోతానేమో అన్నట్టు కూచుని, కత్తెర చేతికి ఎక్కించి గాలిలో నాలుగుసార్లు ఆడించాడు. డాక్టరు ఒక కొలబద్ద పెట్టి కోణం చూశాడు, కాగితం మీద గీశాడు, చేతి మీద, వేలు ఎటు ఉండాలో అటు, నీలం మందుతో గీత పెట్టాడు. ఇంతేనా, ఇదే ఖాయమా అని అడిగాడు. జంగప్ప చిత్తం అన్నాడు. ఒక గంటలో కోస్తామన్నారు. గీత పోకుండా చెయ్యి కడిగి, మణికట్టు పైన తెల్లబట్ట చుట్టి, బయట బల్ల మీద కూచోబెట్టారు.

అక్కడ కూచుని గీత వంక చూస్తున్నాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు. బల్ల దిగి నేల మీద గొంతుక్కూచున్నాడు. ఏమీ లేని చోట గొర్రె ఉన్నట్టు మోకాళ్లు ఎడం చేసి, ఎడమచేత్తో తోలు లాగి పట్టినట్టు పట్టి, కుడిచెయ్యి ముందుకు చాపాడు. నొప్పి సూదిలా లేచింది. అయినా ఉంచాడు. వేలు గీత దగ్గర లేదు. రెండు వేళ్ల వెడల్పు అవతల ఉంది. చేయి మొత్తం కిందికి వంగింది, కత్తెర ఉంటే దాని పిడి వేలి కొసకు కాదు, వేలి మొదటికి ఆనుతుంది.

కుర్చీలో కూచుని ఎవడు గొర్రె బొచ్చు కోస్తాడు? కుర్చీయే పుట్టి ఎరుగని మనిషి, కుర్చీలో చెయ్యి ఎట్లా పెట్టాడో అదే నిజమని చెప్పి వచ్చాడు. అడిగింది ఎట్లా పట్టుకుంటావని. చూపించింది దొర ముందు ఎట్లా కూచోవాలో. ఆ వేలు అట్లాగే అతికితే నొప్పి పోతుంది, కత్తెర కూడా పోతుంది.

"ఏమే, తప్పు చూపిచ్చిన" అన్నాడు హన్మమ్మతో.

"అయితె పోయి చెప్పు."

"గీత పెట్టిండు గద. కొలిచిండు గద. నేను చిత్తం అన్న గద."

"గీత తుడిస్తె పోతది. ఎముక పోతదా?"

జంగప్ప లేవలేదు. మన జనానికి ఉన్న రోగాల్లో కీళ్లవాతం చిన్నది. పెద్దమనిషి ముందు ఒకసారి చిత్తం అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం తెలియకపోవడం, అది పెద్ద రోగం. దానికి ఎక్స్‌రే లేదు. వెట్టి రోజుల్లో దొర గొర్రెలకు ఊరికే బొచ్చు కోసినప్పుడు, మూడు వందల గొర్రెలను రెండు రోజుల్లో కోయాలంటే చిత్తం అన్నాడు. కోయలేకపోయాడు, తన్నులు తిన్నాడు. కాదు అని చెప్పి తన్నులు తిన్నా లెక్క ఒకటే. అయినా ఏనాడూ చెప్పలేదు.

పైగా ఇప్పుడు ఇంకో ఫికర్. డాక్టరుకు మధ్యాహ్నం బండి ఉంది. ఇది చెప్తే కోపమొచ్చి ఇవాళ వద్దు పో అంటాడేమో. వారం జరిగితే కట్టు విప్పేది వారం జరుగుతుంది. ఇవాళ కోస్తేనే కట్టు విప్పి, చెయ్యి సాపు అయ్యేసరికి బదులు కోత వస్తుంది. చెప్తే వంతు పోవచ్చు. చెప్పకపోతే కత్తెర పోవడం ఖాయం.

ఏసుదాసు వచ్చి పిలిచాడు. జంగప్ప లేచి లోపలికి నడిచాడు. బల్ల మీద పడుకున్నాడు. పైన పెద్ద దీపం. ముక్కుకు గుడ్డ అడ్డం కట్టుకున్న డాక్టరు కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. సూది మందు తయారు చేస్తున్నారు.

"ఆగు" అన్నాడు జంగప్ప.

అని తనే అదిరిపడ్డాడు. ఆగుండ్రి అనాలి, సారు అనాలి, బాంచెన్ అనాలి. ఏదీ రాలేదు. ఉట్టి ఆగు వచ్చింది. ఏసుదాసు, ఏం మాటలివి పెద్దమనిషీ, పడుకో అని భుజం నొక్కాడు. డాక్టరు చెయ్యెత్తి ఏసుదాసును ఆపాడు.

"చెప్పండి."

"గది కాదు సారు. కుర్సీల కూసుంటె గట్లయింది. కింద కూసుంటె వేరే. గొర్రె ఉండాలె."

"గొర్రె ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు?"

జంగప్ప గది అంతా చూశాడు. చూపు ఏసుదాసు మీద ఆగింది.

"నేను కిరస్తానపోన్ని. దేవుని గొర్రెనే అంటరు గని గిట్ల గాదు" అన్నాడు ఏసుదాసు. కానీ డాక్టరు నవ్వకుండా నేల చూపించాడు. చేసేది లేక అతను చేతుల మీద, మోకాళ్ల మీద వంగాడు. జంగప్ప బల్ల దిగి, ఒక్క తోపుతో అతన్ని పక్కకు పడేసి, తలను చంక కింద బిగించి, మోకాళ్ల మధ్య ఇరికించాడు. ముప్పై ఏళ్ల పని, ఆలోచించాల్సిన పని లేదు. ఏసుదాసు, జర మెల్లగ, అన్నాడు. గొర్రె మాట్లాడొద్దు అన్నాడు జంగప్ప. బయటి నుంచి హన్మమ్మ కత్తెర తెచ్చి ఇచ్చింది. అది ముట్టకూడదు ఆమె. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు.

డాక్టరు నేల మీద మోకాళ్లేసి కూచుని చూశాడు. కొలబద్ద పెట్టాడు, మళ్లీ పెట్టాడు. మొదటి గీత తుడిచి ఇంకో గీత పెట్టాడు. ఇంత దూరంగా ఎవరికీ అతకలేదని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత జంగప్పకు నిదానంగా చెప్పాడు. ఇట్లా అతికితే ఈ చెయ్యి ఇక బల్ల మీద చదునుగా పరచుకోదు. సన్న మూతి చెంబులో దూరదు. రెండు చేతులు ఎప్పటికీ సరిగ్గా కలవవు. సరేనా?

"ఏమో సారు" అన్నాడు జంగప్ప. "గొర్రె ఒప్పుకుంటె సాలు."

మత్తు ఇచ్చారు. కోశారు. మూడు నెలలు సిమెంటు కట్టు. దాన్ని చూడటానికి వాడంతా వచ్చింది, పిల్లలు తట్టి చూశారు. కట్టు విప్పాక చేయి సన్నగా, తెల్లగా, ఎవరిదో తెచ్చి తగిలించినట్టు ఉంది. వేలి మొదలు కదలలేదు. నొప్పి లేదు. పదిహేను రోజులు ఇసుక ముద్ద పిసికి చేతికి బలం తెచ్చుకున్నాడు. అప్పటికి కోత వచ్చింది.

మొదటి రోజు బిచ్చయ్య మంద. పదకొండు మంది వరుసగా కూచున్నారు. జంగప్ప పిలవకముందే వచ్చి చివర కూచున్నాడు. చెన్నయ్య చూశాడు, పొమ్మనలేదు, రమ్మనలేదు. గొర్రె వచ్చింది. జంగప్ప దాన్ని పడేసి కత్తెర పెట్టాడు. మూడు కోతలు కోసి ఆగాడు. మళ్లీ మూడు కోసి ఆగాడు. పక్కవాడు రెండు గొర్రెలకు బొచ్చు కోసి లేపేసరికి జంగప్ప ఇంకా మొదటి గొర్రె వీపు మీదే ఉన్నాడు.

చెన్నయ్య లేచి వచ్చి నిలబడ్డాడు. అందరి కత్తెరలూ నెమ్మదించాయి.

"నొస్తున్నదా?"

"లేదు పెద్దయ్య."

"మరెందుకు ఆగుతున్నవ్?"

జంగప్పకు అప్పటిదాకా తెలియదు. అడిగాక తెలిసింది. ఆరేళ్ల నుంచి మూడు కోతలకొకసారి నొప్పి వచ్చేది, ఆగేవాడు. చెయ్యి ఇప్పటికీ అక్కడ ఆగి నొప్పి కోసం చూస్తున్నది.

"అది రావాలె గద, రాలే. అందుకని ఆగుతున్న."

ఎవడో నవ్వాడు. ఎంకయ్య నవ్వలేదు. చెన్నయ్య వంగి, జంగప్ప వేలి మొదలును తన రెండు వేళ్లతో పట్టి కదిపి చూశాడు. రాయిలా ఉంది. ఎవరు పెట్టమన్నారు ఇక్కడ అని అడిగాడు. నేనే అన్నాడు జంగప్ప. డాక్టరు వినిండా? విన్నాడు. చెన్నయ్యకు నమ్మకం కుదరలేదు, అది ముఖంలోనే కనిపించింది. జర ఇటు పెట్టిస్తే బాగుండేదేమో అన్నాడు. కావొచ్చు అన్నాడు జంగప్ప. నిజంగానే కావొచ్చు. సరైన చోటో కాదో ఎవడికి తెలుసు, ఇంకో వేలు పెట్టి పోల్చి చూసుకోవడానికి లేదు కదా.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి అందరూ తొమ్మిదేసి గొర్రెలు లేపారు. జంగప్ప అయిదు. ఒక్కదానికీ తెగలేదు. గటక తాగుతూ చెన్నయ్య వంతులు చెప్పడం మొదలుపెట్టాడు. రేపు ఎంకయ్య మంద, ఎల్లుండి బాల్‌రాజ్‌ది, ఇట్లా చెప్పుకుంటూ పోయి, జంగప్పది పదకొండోది అన్నాడు.

"పదకొండోది ఎందుకు?" అన్నాడు జంగప్ప.

గిన్నెలు ఆగాయి.

"అయిదే లేపినవ్ గద."

"ఇయ్యాల అయిదు. రేపటికి చేయికి సమజైతది నొప్పి లేదని. నాది ఎప్పుడు మూడోదే. మూడోదే పెట్టు."

చెన్నయ్య గడ్డం గోక్కున్నాడు. బాల్‌రాజ్ వైపు చూశాడు. బాల్‌రాజ్ భుజాలు ఎగరేసి, నాకేం, నేను ఆఖరుకు పోత, నా మంద అడవిల్నే ఉన్నది అన్నాడు.

"సరే తియ్. ఎల్లుండి నీదే. మందను తోలి ఉంచు" అన్నాడు చెన్నయ్య.

జంగప్ప ఇంకా చెప్పడానికి నోరు తెరిచే ఉన్నాడు. వాదించడానికి నాలుగు మాటలు కూడగట్టుకున్నాడు, ఇంత తొందరగా అయిపోతుందనుకోలేదు. ఆ మాటలు ఇప్పుడేం చేసుకోవాలో తెలియలేదు. గిన్నె కడిగి బోర్లించి, ఆరో గొర్రెను కాలు పట్టి లాక్కున్నాడు.